అందించని మాట

వేదిక ముందంచున, నేలలో ఒక గూడు. అదే నా చోటు.
ఒళ్ళో నాటకం ప్రతి, చేతిలో చిన్న టార్చి,
తలెత్తితే నటుల బూట్లు. వీపు వెనక జనం.
ఎవరికి మాట తప్పితే వాళ్ళకి మాట అందిస్తాను.
పగలు వంతెన పక్క కొట్లో చెవి మిషన్లు అమ్ముతాను.
రెండూ ఒకటే పని కదే, అంటుంది మా అక్క.

ఈ హాలు ఒకప్పుడు అవిసె నార గిడ్డంగి.
లేయ్ నది మీద వాన పడితే
గోడలింకా నానిన నార కంపు కొడతాయి.
ఇక్కడ మూడు రాత్రులుగా
చచ్చిపోయిన బ్రదర్ ఒడుల్ఫ్ బతుకుతున్నాడు,
పూటకి రెండు గంటల చొప్పున.
రాసింది లెక్కల టీచరు లుత్‌గార్డ్.
అందుకేనేమో వేదికని సరిగ్గా సగానికి కోసింది.

ఎడమ సగంలో వెలుగెక్కువ.
రేడియో మైకు, ఉత్తరాల బస్తాలు,
మౌనం మీద అతను రాసిన పదకొండు పుస్తకాలు,
మౌనం గురించి ఇంకాస్త మాట్లాడమని
బ్రస్సెల్స్ నుంచి కారేసుకొచ్చే మంత్రి భార్య.
అక్కడ అతనికి తడుముకోవడం తెలీదు.
నా టార్చికి పనే ఉండదు.

కుడి సగంలో ఇనప మంచం, బేసిను, శిలువ,
తాళ్ళతో వేలాడే ఒక కిటికీ చట్రం.
అద్దం లేదు, చుట్టూ గోడా లేదు.
అక్కడ మేజోళ్ళు కుట్టుకుంటాడు,
జపం మధ్యలో కునికి ఉలిక్కిపడతాడు,
పక్క గది గుమ్మారుస్‌తో, జున్ను చేసే గుమ్మారుస్‌తో,
పంతొమ్మిదేళ్ళు పోట్లాడతాడు
ఒక్క మాటైనా లేకుండా, ఉత్త సైగల్తో:
నడవా కిటికీ తెరవాలని ఇతను, మూయాలని అతను.
'ఇక్కడ నవ్వులు' అని రాసుంది ప్రతిలో.
మొదటి రాత్రి నవ్వారు కూడా.

చివర జ్వరం రాత్రి.
పైనుంచి కాగితం మంచు.
'మౌనం. తొమ్మిది లెక్కపెట్టాలి.'
తర్వాత ఒకే మాట: చలేస్తోంది.
పంతొమ్మిదేళ్ళ పంతం ఆ ఒక్క మాటతో ఓడిపోవాలి.

మూడో రాత్రి వాన్నెస్ తొమ్మిది దాటాడు.
బస్సు నడిపి నడిపి అలిసిన మనిషి,
మరిచిపోయాడో, మునిగిపోయాడో.
పన్నెండు. పదిహేను.
బూట్లు కదలలేదు.
మాట నా నాలిక చివర ఉంది.
మౌనం అర్ధాంగీకారమంటారే,
ఆ రెండో సగం ఏమిటో ఎవరూ చెప్పరు.

అప్పుడు వెనక వరసలోంచి సన్నటి ఈల.
ఆ ఈల నాకు తెలుసు. ఆ మిషను అమర్చింది నేనే,
మఠం నుంచి గొడుగుతో నడిచొచ్చిన
తొంభై ఒక్కేళ్ళ చెవికి.
చెవిటివాళ్ళు తమలో తాము అనుకున్నది
హాలంతా వినబడుతుంది.

'ఉండనీ ఒడుల్ఫ్, తెరిచే ఉండనీ.'

ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
వాన్నెస్ కిటికీ వైపు చూశాడు,
తర్వాత కిందికి, నా వైపు.
నేను టార్చి ఆర్పేశాను.
తెర దించేవాడికి ఏం చెయ్యాలో తోచక
చాలాసేపు దించలేదు.

మర్నాడు పొద్దున్నే లుత్‌గార్డ్, పెన్సిలుతో:
'సరిగ్గా ఏమన్నాడాయన? ప్రతిలో చేర్చాలి.'
సరిగ్గా వినలేదన్నాను.
'చెవి మిషన్లు అమ్మేదానివి!' అంది.
నాలుగో రాత్రి వాన్నెస్ బుద్ధిగా తొమ్మిది లెక్కపెట్టి
చలేస్తోంది అన్నాడు. జనం ముక్కులు చీదుకున్నారు.

సోమవారం బ్యాటరీ కోసం వచ్చాడు గుమ్మారుస్.
నాటకం బావుందా అని కాస్త గట్టిగానే అడిగాను.
వేళ్ళతో ఏదో చెప్పాడు, వాళ్ళ సైగల్లో. తెలీలేదు.
చిల్లర లెక్కపెట్టుకుని
కొట్టు తలుపు బార్లా వదిలేసి వెళ్ళాడు.
బయట జనవరి.
లేచి మూద్దామనుకుంటూనే కూచున్నాను,
ధరల కాగితం ఎగిరి కిందపడేదాకా.